రెండు మెట్లు పైకి

గొంతు మార్చాలంటే ఇప్పుడు కంప్యూటరు తెర మీద ఒక గీతని పైకి జరిపితే చాలని మొన్న ఒక సౌండ్ ఇంజనీరు నాకు చూపించాడు. జరిపాడు, గొంతు మారింది. వెనక్కి జరిపాడు, మామూలైపోయింది. "ఎన్నిసార్లు మార్చినా అసలుది అలాగే భద్రంగా ఉంటుందండీ" అన్నాడు గొప్పగా. నేను కాఫీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను. పాపం, ముసలాయనకి ఏం కోపమొచ్చిందో అనుకుని ఉంటాడు. కోపం కాదు. నా రోజుల్లో అసలుది భద్రంగా ఉండేది కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు చదివి నన్ను నాలుగు తిట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఎనభైల్లో గుంటూరు బ్రాడీపేటలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారి క్లినిక్కు పైన మా రికార్డింగు స్టూడియో ఉండేది. స్టూడియో అనేది బోర్డు మీది మాట. ఉన్నవి రెండు గదులు. గోడలకి గోనెపట్టాలు కొట్టి, వాటి మీద ముదురాకుపచ్చ గుడ్డ బిగించాం. కింద పేషెంట్లు దగ్గితే పైన మా టేపులో పడేది. అందుకని డాక్టరుగారు భోజనానికి వెళ్ళే మధ్యాహ్నం వేళే పాటలు పాడించేవాళ్ళం. రికార్డు చేసేది నేనే, మిషను చెడితే బాగుచేసేది నేనే, పొద్దున్నే తాళం తీసి ఊడ్చేది కూడా నేనే. భక్తి పాటలు, హరికథలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు, ఏది వస్తే అది పట్టడం, దాన్ని క్యాసెట్లలోకి కాపీ చేయడం. ఇదీ ఉద్యోగం.

మా యజమాని అసలు వ్యాపారం మిర్చీ, పత్తీ. క్యాసెట్లు ఆయనకి సరదా. సరదా కాబట్టి నష్టమొచ్చినా నవ్వేవాడు, లాభమొచ్చినా నవ్వేవాడు. మంచివాడే. మంచివాడి దగ్గర పనిచేయడంలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఆయన చెప్పిన దానికి ఎదురు చెప్పబుద్ధి కాదు.

ఒక వేసవిలో పర్చూరు వైపు పల్లెటూరి నుంచి ఒక ఎలిమెంటరీ స్కూలు మాస్టారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయికి పదహారేళ్ళు. ఇంటర్మీడియెట్ మొదటి ఏడాది పరీక్షలు అప్పుడే అయ్యాయి. చేతిలో అట్ట ఊడిన లాంగ్ నోట్‌బుక్. అందులో పాటలు. మాటలూ తనవే, వరసలూ తనవే. సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అంటే ఎవరి దగ్గరా లేదంది. ఇవి లలిత గీతాలా, జానపదాలా అని అడిగాను. అదేమో తనకి తెలియదనీ, బస్సులో కాలేజీకి వెళ్ళేటప్పుడు వచ్చినవి వచ్చినట్టు రాసుకున్నాననీ చెప్పింది. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే రైల్వే గుమాస్తా ఒకాయన ఆ రోజు అక్కడే ఉన్నాడు. రెండు పాటలు విని, వీటిని పాప్ పాటలంటారనీ, ఇంగ్లీషువాళ్ళు ఇలాగే ఎవరి పాట వాళ్ళు రాసుకుని వాళ్ళే పాడుకుంటారనీ చెప్పాడు. మా యజమానికి పాటల కంటే ఆ మాట నచ్చింది. తెలుగు పిల్ల పాప్ అని క్యాసెట్టు అట్ట మీద వేయిద్దాం, కానీయ్ అన్నాడు.

ఆ గొంతు గురించి చెప్పాలి. అప్పట్లో ఆడపిల్ల పాడిందంటే సన్నగా, పైపైన పాడాలి. ఈ అమ్మాయిది లావు గొంతు. మొరటు కాదు. పొద్దున్నే నిద్ర లేచి ఇంట్లోవాళ్ళతో మాట్లాడే గొంతు ఉంటుంది చూడండి, అలా ఉండేది. పాడుతున్నట్టు ఉండేది కాదు, మన పక్కన కూర్చుని ఏదో చెబుతున్నట్టు ఉండేది. హార్మోనియం మీద నాలుగో శృతి ఇస్తే హాయిగా పాడింది. నేను ఇరవై ఏళ్ళకి పైగా ఈ పని చేశాను. పాడుతుంటే మీటల మీది చెయ్యి మరిచిపోయి విన్నది ఆ ఒక్క గొంతునే.

ఎనిమిది పాటలు. ఆఖరిది మిరపకాయల పాట. తొడిమలు తీసి ఇంటికొచ్చిన తల్లి ఆ మండే చేతులతో బిడ్డ మొహం ముట్టుకోదు. మోచేతులతో దగ్గరికి లాక్కుంటుంది. మా వైపు తల్లులందరూ చేసేదే. నా చిన్నప్పుడు మా అమ్మా అంతే. కానీ అది పాట అవుతుందని ఎవరికి తోచింది? ఆఖరి చరణంలో కూతురు పెద్దదై తల్లి అరచేతులు రెండూ తీసుకుని తన బుగ్గలకి ఆనించుకుంటుంది, మండితే మండనీ అని. అది పాడేటప్పుడు వాళ్ళ నాన్న గది మూలన నిలబడి గోనెపట్టా వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. 

చిక్కు తరవాత వచ్చింది. మా యజమాని మద్రాసు నుంచి ఒక లాటు ఖాళీ క్యాసెట్లు తెప్పించాడు. వాటిల్లో టేపు పొట్టి. ఒక్కో వైపు ఇరవై రెండు నిమిషాల చిల్లర పడుతుంది. ఈ అమ్మాయి పాటలు ఒక్కో వైపుకి పాతిక నిమిషాలు వచ్చాయి. ఆఖరి చరణాలు ఎత్తేయమన్నాడు యజమాని. అమ్మాయిని పిలిచి సంగతి చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఆ చేతుల చరణం కోసమే మిరపకాయల పాట రాశానండి. అది తీసేసేటట్టయితే పాట మొత్తం తీసేయండి బాబాయిగారూ" అంది.

నాకు మనసొప్పలేదు. యజమాని దగ్గరికి వెళ్ళి ఆ చరణం ఉండాల్సిందేనని మొదటిసారి కాస్త గట్టిగా చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆయన ఎదురుగా పత్తి బోరేలు కుట్టి పేర్చి ఉన్నాయి. వాటికేసి చూసి ఆయన అన్న మాట ఈ రోజుకీ నా చెవిలో ఉంది.

"బోరెంలో పత్తి పట్టకపోతే ఏం చేస్తామయ్యా? దిగి తొక్కుతాం. తొక్కు."

పత్తి ఊళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. బోరెం అంటే నిలువెత్తు గోనెసంచి. దాన్ని వేలాడదీసి, మనిషి లోపలికి దిగి గంటసేపు తొక్కితే ఇంకో అంత పత్తి పడుతుంది. నేనూ కుర్రతనంలో మా చేలో తొక్కినవాణ్ణే. పాటల్ని మొదట పెద్ద టేపు చుట్ట మీద పట్టే మా స్పూలు మిషనుకి ఎడమ వైపు ఒక నాబు ఉండేది. క్యాసెట్టులోకి కాపీ చేసేటప్పుడు దాన్ని తిప్పితే టేపు కాస్త వేగంగా తిరుగుతుంది. పాతిక నిమిషాల పాటలు ఇరవై రెండు నిమిషాల్లో అయిపోతాయి. ఒక్క అక్షరం పోదు. వేగంతో పాటు శృతీ పెరుగుతుంది, గొంతు సన్నబడుతుంది, నిజమే. తిప్పాను. హార్మోనియం మీద చూస్తే రెండు మెట్లు పైకి పోయింది. యజమానికి వినిపించాను. ఆడపిల్ల గొంతంటే ఇలా ఉండాలి, ఇప్పుడు బాగుంది అన్నాడు. చరణం బతికింది కదా అని నేనూ సంతోషించాను. ఆ సాయంత్రం సైకిలు మీద ఇంటికి పోతూ నన్ను నేను మెచ్చుకున్నానంటే నమ్మండి. పత్తిని తొక్కితే మళ్ళీ విచ్చుకుంటుంది. గొంతు సంగతి నాకు తట్టలేదు.

క్యాసెట్లు తయారయ్యాక తండ్రీ కూతుళ్ళు వచ్చారు. వాళ్ళింట్లో అప్పటికి టేపురికార్డరు లేదు. మా గదిలోనే విన్నారు. మొదటి పాట అయింది. అమ్మాయి నా వైపు తిరిగి, "ఇది నాలా లేదండీ" అంది.

చెప్పాల్సింది అప్పుడే. నాబు చూపించి, ఇదమ్మా సంగతి అంటే సరిపోయేది. ఆ పిల్ల బాధపడేది, యజమానికి విసుగొచ్చేది, మద్రాసు నుంచి ఇంకో లాటు క్యాసెట్లు వచ్చేవి. అంతే కదా. కానీ అట్టలు అచ్చయిపోయాయి. మేడ మెట్ల మీద షాపులవాళ్ళు వచ్చి నిలబడి ఉన్నారు. నేను నవ్వి, "మైకులో పడితే అందరి గొంతూ అలాగే మారుతుందమ్మా. ఎవరి గొంతు వాళ్ళకి వేరేగా వినిపిస్తుంది" అన్నాను.

అందులో సగం నిజం ఉంది. అబద్ధంలో సగం నిజం కలిపితే ఎదుటివాళ్ళు తిరిగి అడగరు. ఆ అమ్మాయి తలూపింది. నాకంటే తెలిసినవాళ్ళు చెబుతున్నారు కదా అనుకుంది. పనిలో ఉన్నవాళ్ళం మనం ఏం చెబితే అదే నమ్ముతారు బయటివాళ్ళు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి.

ఆ తరవాత జరిగింది మేమెవరమూ అనుకోలేదు. ఆ క్యాసెట్టు బస్సుల్లో ఎక్కింది. చిలకలూరిపేట నుంచి చీరాల దాకా ఏ హోటలు ముందు ఆగినా అదే. మిరప కళ్ళాల్లో ఆడవాళ్ళు కాయలు గ్రేడు చేస్తూ పాడుకున్నారు. వేటపాలెంలో జీడిపప్పు కొట్టే షెడ్డుల్లో ఆ పాట పెడితే చేతులు గబగబా ఆడతాయని యజమానులే టేపురికార్డర్లు కొనిపెట్టారట. వేగం పెరిగింది కాబట్టి జనానికి హుషారొచ్చింది. ఆ పాటలకి వాయించిన గిటారాయన ఒకసారి వచ్చి విని, నా గిటారు మాండలిన్ ఎప్పుడయిందండీ అని నవ్వి వెళ్ళిపోయాడు. తెలిసినవాడు ఆయనొక్కడే. ఆయనకి అది తమాషాగానే అనిపించింది.

అంతటితో ఆగలేదు. ప్రతి ఊరి నుంచీ ఆడపిల్లలు నోట్‌బుక్కులు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. మేమే రాసుకున్నాం, మేమే పాడతాం అని. అది చాలా మంచి సంగతే. అంతకుముందు మా జిల్లాల్లో ఆడపిల్ల తన పాట తను రాసుకుని పాడటం నేను చూడలేదు. కానీ అందరూ ఆ సన్నటి గొంతే తెచ్చుకుని వచ్చేవాళ్ళు. పీలగా, ముక్కుతో, ఉన్నదానికంటే రెండు మెట్లు పైన. ఎందుకమ్మా అంత పైన, నీకు హాయిగా ఉన్నచోట పాడు అంటే, అలా పాడితే పాప్ అవదు కదండీ అనేవాళ్ళు. మిగతా క్యాసెట్ల కంపెనీలవాళ్ళూ అలాంటి గొంతులే కావాలన్నారు. కొన్నేళ్ళ పాటు ఈ చుట్టుపక్కల ఆడపిల్లల గొంతులు పీలగా మారాయంటే దానికి కారణం నా ఎడమచెయ్యి. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు.

అసలు పిల్ల ఏమైందని కదా మీ ప్రశ్న. ఆరు నెలలకి మాస్టారు ఒకసారి బజారు పని మీద వచ్చి పలకరించి వెళ్ళాడు. ఇంట్లో టేపురికార్డరు కొన్నామని సంతోషంగా చెప్పాడు. అమ్మాయి తను పాడేది క్యాసెట్టుతో కలవడం లేదనీ, తను కిందికి పడిపోతున్నాననీ దిగులు పడుతోందట. అందుకని తెల్లవారుజామునే లేచి క్యాసెట్టు పక్కన పెట్టుకుని గంటసేపు సాధన చేస్తోందట. ఈ మధ్య దాదాపు కలుస్తోందండీ అన్నాడు ఆ తండ్రి, మురిసిపోతూ. కాస్త గొంతు బొంగురుపోతోంది, మిరియాల పాలు ఇస్తున్నాం అని కూడా అన్నాడు.

విన్నాను. మంచి పని మాస్టారూ, సాధన మానొద్దనండి అన్నాను. నా నోటితో నేనే అన్నాను.  మర్నాడు యథాప్రకారం తాళం తీసి ఊడ్చుకున్నాను.

ఆ తరవాత కొద్ది రోజులకే ఒంగోలులో ఒక ఎగ్జిబిషను. అక్కడ ఆ అమ్మాయి పాటల కార్యక్రమం పెట్టారు. జనం ముందు పాడటం తనకి అదే మొదలు. మైకులు చూసుకోవడానికి నన్ను పంపాడు యజమాని. స్టేజీకి పక్కగా నా మిక్సరు, టేపురికార్డరు. ఆర్కెస్ట్రా ఒంగోలు వాళ్ళది. క్యాసెట్టు విని నేర్చుకున్నారు కాబట్టి క్యాసెట్టు శృతిలోనే పెట్టుకున్నారు. పొద్దుగూకకముందే మైదానం నిండిపోయింది. వాళ్ళమ్మ కూడా వచ్చింది. ముందు వరసలో కొంగు కప్పుకుని కూర్చుంది. ఆవిణ్ణి చూడటం నాకు అదే మొదటిసారి. వేళ్ళు ఎర్రగా, మొద్దుబారి ఉన్నాయి.

మొదటి రెండు పాటలూ లాక్కొచ్చింది. నాకు తెలుస్తూనే ఉంది, మెడ నరాలు లేస్తున్నాయి. మూడోది పాడుతుంటే వెనక నుంచి ఎవరో ఇది ఆ పిల్ల కాదు, డూప్లికేటు అని అరిచారు. ఇంకొందరు నవ్వారు. మాస్టారు స్టేజీ కింద నుంచి చేతులతో ఫర్వాలేదు, కానీయమని సైగ చేస్తున్నాడు. అమ్మాయి నేరుగా మిరపకాయల పాటకి వచ్చేసింది. వాళ్ళమ్మ ముందు ఆ పాట పాడటానికే వచ్చింది తను. ఆఖరి చరణం ఎత్తుకుంది. అమ్మ చేతులు బుగ్గలకి ఆనించుకునే చోట గొంతు విరిగింది. మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు.

నిర్వాహకుల్లో ఒకాయన పరుగున నా దగ్గరికొచ్చాడు. క్యాసెట్టు ఉంది కదా, పెట్టండి, గొడవైపోయేట్టుంది అన్నాడు. ఉంది. పెట్టాను. ఆ సన్నటి గొంతు మైదానమంతా పరుచుకుంది. ఇదీ, ఇదీ ఆ పిల్ల అంటూ జనం చప్పట్లు. ఆ పిల్ల మైకు నోటి దగ్గర పట్టుకుని, పెదవులు కదపకుండా, నా వైపే చూస్తూ నిలబడింది. పాట అయ్యేదాకా అలాగే చూసింది.

దిగాక స్టేజీ వెనక కుర్చీలో కూర్చుంది. తల్లి మోచేత్తో దగ్గరికి తీసుకుని ఉంది. ఆ రోజు ఆ చేతులకి కారం లేదు, అయినా అలవాటు. అమ్మాయి నన్ను చూసి, వినపడీ వినపడనట్టు అడిగింది.

"మైకులో పడితే అందరి గొంతూ మారుతుందన్నారు కదండీ. మరి ఇందాక మైకులోనే పాడానుగా బాబాయిగారూ. ఎందుకు మారలేదు?"

అప్పుడు చెప్పాను. పొట్టి టేపు, నాబు, రెండు మెట్లు, అన్నీ. చెప్పడం అయ్యాక మాస్టారు నన్ను తిడతాడని ఎదురుచూశాను. కొడితే బాగుండుననిపించింది. ఆయన, "ఆర్నెల్లు తెల్లవారుజామున నేనే లేపానండీ దాన్ని" అన్నాడు. 

మర్నాడు మా కింది డాక్టరుగారే చూశాడు. గొంతులో కాయలు కట్టాయన్నాడు. ఎద్దు మెడ మీద కాడి ఒరిసి కాయ కట్టినట్టే, ఓర్చుకోలేని పని చేయిస్తే ఇక్కడా కడుతుందన్నాడు. కొన్ని నెలలు మాట్లాడకూడదన్నాడు. తరవాత మద్రాసులో ఆపరేషను కూడా చేయించారు. మాట వచ్చింది, గరగరలాడుతూ. పాట రాలేదు.

అసలు గొంతుతో పాడిన స్పూలు ఉంది కదా, కనీసం అది ఇద్దామని బీరువా వెతికాను. డబ్బా దొరికింది. పెట్టి చూస్తే వేరే ఎవరో అమ్మాయి సన్నగా పాడుతోంది. స్పూళ్ళు ఊరికే వచ్చేవి కాదు కాబట్టి పాతవాటి మీదే మళ్ళీ రికార్డు చేయడం మా అలవాటు. ఆ పిల్లని చూసి పాడటానికి వచ్చినవాళ్ళలో ఒకమ్మాయిని నేనే దాని మీద పట్టాను. డబ్బా మీద నా దస్తూరీయే. తేదీ కూడా వేసుకున్నాను, మహా శ్రద్ధగా.

చాలా ఏళ్ళకి, పని మానేశాక, పాత సామాన్లలో ఆ క్యాసెట్టు ఒకటి కనిపించింది. ఆ రోజుల్లో తట్టని ఉపాయం అప్పుడు తట్టింది. మిషను వేగం అటు ఎంత పెంచానో ఇటు అంత తగ్గించి కాపీ తీశాను. నాలుగో శృతి. నిద్ర లేచి మాట్లాడే ఆ గొంతు మళ్ళీ గదిలోకి వచ్చింది. గుసగుసలా టేపు రొద ఉంది కానీ గొంతు అదే. కూర్చుని ఏడ్చాను. సిగ్గేముంది, ఏడ్చాను.

వాకబు చేస్తే ఆవిడ వేటపాలెంలో ఒక జీడిపప్పు షెడ్డులో సూపర్‌వైజరుగా ఉందని తెలిసింది. మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. గట్టిగా పిలవడానికి మాట పెగలదు కాబట్టి చేతిలో ఒక చిన్న ఇత్తడి గంట పెట్టుకుంది. మాస్టారు పోయారనీ, అమ్మ బాగానే ఉందనీ చెప్పింది. పాటల మాట తను ఎత్తలేదు. నేను టేపురికార్డరు బల్ల మీద పెట్టి మిరపకాయల పాట వినిపించాను. ఆఖరి చరణం దాకా కదలకుండా వింది. అయిపోయాక, "ఇది నేనేనా?" అంది ఆ గరగర గొంతుతో.

"నువ్వేనమ్మా. ఇదే నీ అసలు గొంతు" అన్నాను.

ఆవిడ నన్ను ఒంగోలులో చూసినట్టే చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే తట్టుకునేవాణ్ణి.

"మీరు చెబుతున్నారు కాబట్టి నమ్ముతానండి. అప్పుడూ అలాగే నమ్మాను" అంది.

భోజనాల వేళ అయిపోయింది. లేచి గంట మోగించుకుంటూ లోపలికి వెళ్ళింది. క్యాసెట్టు బల్ల మీదే వదిలేసింది.